ఎనుమాముల మార్కెట్ దగ్గరి దాణా మిల్లు: 29 పొట్టేలు పిల్లలకు వాడి, తూచి రాస్తున్నాను

ఒక్క బస్తా కొని రాస్తున్న మాట కాదు ఇది. రెండు నెలలు వాడాను, పదిహేను రోజులకోసారి ప్రతి పిల్లనూ కాంటాకు ఎత్తి నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఆ లెక్క ముందు పెట్టుకుని రాస్తున్నాను. జీవాలు పెంచేవాళ్లకు పనికొస్తుందని కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపికగా చదవండి.

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ నుంచి బయటికి పోయే రోడ్డు మీద చిన్న మిల్లు ఇది. పెద్ద బోర్డు లేదు. ముందు మక్కల బస్తాలు, పక్కన పల్లి చెక్క (నూనె తీశాక మిగిలిన పల్లి పిప్పి), తౌడు, పొట్టు, లోపల ఒక గ్రైండరు, కలిపే డ్రమ్ము ఒకటి. బర్రెలకు, గొర్రెలకు, మేకలకు వేరువేరుగా దాణా కలిపి ఇస్తారు. మాది వర్ధన్నపేట వైపు ఊరు, మాకు బస్తాలు ఆటోలో వేసుకుని రావడానికి పెద్ద దూరం కాదు. గొర్రెలు మా అత్తగారింట్లో ముందు నుంచీ ఉన్నవే, 2017లో గొర్రెల పంపిణీ పథకంలో మా మామకు 20 గొర్రెలు, 1 పొట్టేలు వచ్చినప్పుడు మంద పెద్దదయింది. తర్వాత కొన్ని పోయాయి, కొన్ని అమ్మాము, ఇప్పుడు 14 తల్లి గొర్రెలు ఉన్నాయి. అవి కాక ఈ ఏడు దసరాకు అమ్ముదామని జూన్ చివర్లో 30 పొట్టేలు పిల్లలను సంతలో కొన్నాము, మూడు నాలుగు నెలల వయసువి, సగటున 11.8 కిలోలు.

మొదటి 45 రోజులు నేను వాడింది ఈ మిల్లు దాణా కాదు. ఒక కంపెనీ పెల్లెట్, అంటే గుళికల దాణా, పేరు రాయను. బస్తా 1,600. సంచి మీద 20 శాతం ప్రోటీన్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, కండ గట్టి పడుతుందని బొమ్మ కూడా ఉంటుంది. పిల్లకు రోజుకు 300 గ్రాములు పెట్టాను. అది సరిపోదేమోనని నా అంతట నేను రెండు పూటలా కొంచెం తౌడు, కొంచెం నూక కలిపాను, ఇంట్లో ఉన్నవే కదా అని. ఆగస్టు నడుమ తూచి చూస్తే సగటు 14.3 కిలోలు. అంటే 45 రోజుల్లో రెండున్నర కిలోలు, రోజుకు 55 గ్రాములు. బయట మేపుకొచ్చినా అంత వస్తుంది. ఆ వారంలోనే ఒక పొట్టేలు వీపు వంచి నిలబడి, తోక ఊపుతూ, మూత్రం రాక చుక్క చుక్కగా తిప్పలు పడటం మొదలుపెట్టింది. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేస్తే బండి వచ్చింది, చేయగలిగింది చేశారు, కానీ అప్పటికే ఆలస్యమైంది, మూడో రోజు చనిపోయింది. మా ఇంట్లో పిల్లలు దాన్ని పేరు పెట్టి పిలుచుకునేవాళ్లు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మా మండలం డాక్టరమ్మ వచ్చి నేను పెట్టిన మేత అంతా అడిగింది. తౌడు మాట వినగానే ఆగింది. తౌడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. పొట్టేలుకు ఈ రెండూ కాల్షియం రెండు వంతులు, భాస్వరం ఒక వంతు అన్నట్టు ఉండాలి, అది తప్పితే మూత్రంలో ఇసుకలాంటి రాళ్లు పడతాయి, మగ జీవానికి మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి అడ్డం పడిపోతాయి. ఆడ గొర్రెకు ఇంత ప్రమాదం ఉండదు. గింజలు, తౌడు ఎక్కువ తినిపించి నీళ్లు సరిగ్గా తాగనివ్వకపోతే ఇది వస్తుందని ఆమె చెప్పింది. తప్పు నాదే, పెల్లెట్‌ది కాదు, ఆ మాట నిజాయితీగా రాయాలి. కానీ ఆ సంచి మీద కాల్షియం ఎంత, భాస్వరం ఎంత అని ఎక్కడా లేదు, దీంతో పాటు తౌడు కలపొద్దని కూడా లేదు. ఫోన్ నంబరుకు చేస్తే ఎత్తలేదు. ఆ రెండు ముక్కలు రాసి ఉంటే ఒక ప్రాణం దక్కేదేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ మిల్లు సంగతి మాకు మా ఊరి బర్రెలాయన చెప్పాడు. పోగానే నేను అడిగింది అందరూ అడిగేదే, ప్రోటీన్ ఎంత శాతం అని. మిల్లు నడిపే అన్న చేతిలో పని ఆపి అన్న మాట ఇది: "చెల్లె, ఎంత అని అడుగుతున్నవు గని, ఆ ప్రోటీన్ దేంట్లకెళ్లి వచ్చిందో ముందుగాల అడగాలె."

ఆయన చెప్పింది విన్నాక మళ్లీ డాక్టరమ్మను అడిగి ఖాయం చేసుకున్నాను. ల్యాబులో మామూలుగా దాణాలోని ప్రోటీన్‌ను నేరుగా కొలవరు, నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చిస్తారు. సంచి మీద రాసే ముడి ప్రోటీన్ అంటే ఆ లెక్కే. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే వంద కిలోల దాణాలో ఒక్క కిలో యూరియా కలిపితే కాగితం మీద దాదాపు 2.9 శాతం ప్రోటీన్ పెరిగినట్టు కనిపిస్తుంది. యూరియా అంటేనే విషం అని కాదు. ఎదిగిన గొర్రె, బర్రె కడుపులో ఉండే సూక్ష్మజీవులు ఆ నత్రజనిని తీసుకుని, గింజల నుంచి వచ్చే శక్తితో, తమ ఒంటిలో ప్రోటీన్‌గా మార్చుకుంటాయి, ఆ సూక్ష్మజీవులే తర్వాత కింది పేగులో అరిగి జీవానికి కండ అవుతాయి. నెమరు వేసే జీవాలకు ఉన్న గొప్ప వరం అది. కానీ కొలత దాటితే ప్రాణం పోతుంది, పొట్ట ఇంకా పూర్తిగా తయారుకాని చిన్న పిల్లలకైతే అసలు పెట్టకూడదు. నేను వాడిన పెల్లెట్‌లో యూరియా ఉందని నేను అనడం లేదు, నేను పరీక్ష చేయించలేదు. సంచి మీది అంకె ఒక్కటే చూసి కొనడం ఎంత గుడ్డి పనో మాత్రం నాకు అప్పుడు తెలిసింది.

ఈ మిల్లులో నాకు నచ్చింది అదే, ఏం కలుపుతున్నారో కళ్ల ముందే కనిపిస్తుంది. పొట్టేళ్ల దాణాలో వంద కిలోలకు మక్కలు 35, పల్లి చెక్క 20, తౌడు 15, కంది పొట్టు, శనగ పొట్టు కలిపి 27, మిగతా మూడు కిలోలు ఖనిజ లవణాలు, సున్నపురాయి పొడి, ఉప్పు. డాక్టరమ్మ లెక్క కట్టి ప్రోటీన్ 16, 17 శాతం దాకా ఉంటుందంది. పెల్లెట్ సంచి మీద 20, ఇక్కడ 16, 17. అంకె చూస్తే ఇదే తక్కువ, కానీ ఎదిగే పొట్టేలు పిల్లకు ఇది చాలునంది ఆమె. ఇందులోనూ తౌడు ఉంది కదా అని నేను భయపడితే, సున్నపురాయి పొడి ఎందుకు వేస్తారో ఆ అన్న చూపించాడు, భాస్వరానికి తగ్గ కాల్షియం దాంట్లో నుంచి వస్తుంది. ఉప్పు ఎందుకంటే నీళ్లు ఎక్కువ తాగాలని.

చెక్క బస్తా విప్పి వాసన చూడమన్నాడు, చెయ్యి పెట్టి చూడమన్నాడు. ముక్కిన వాసన, బూజు ఉన్న బస్తా ఒకటి పక్కన పెట్టి ఉంది, దాన్ని వెనక్కి పంపుతున్నామని చెప్పాడు. పల్లి చెక్కకు, మక్కలకు తేమ తగిలితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, దాంతో కాలేయం దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టదు. మన దగ్గర వానాకాలంలో గోదాముల పరిస్థితి అందరికీ తెలిసిందే. వరంగల్ చుట్టూ పత్తి ఎక్కువ కాబట్టి పత్తి గింజల చెక్క చవకగా దొరుకుతుంది, పిల్లల దాణాలో దాన్ని ఎందుకు వేయరని అడిగితే, అందులో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది, ఎదిగిన బర్రె తట్టుకుంటుంది కానీ లేత పిల్లలు తట్టుకోలేవు అన్నాడు. ఇంకొకటి, గొర్రెలకు ఖనిజ లవణాల సంచి వేరే పెడతారు. గొర్రెకు రాగి ఎక్కువైతే కాలేయంలో పేరుకుపోయి ఒక్కసారి ప్రాణం మీదికి తెస్తుంది, మిగతా పశువులకు పనికొచ్చే మోతాదు దీనికి ఎక్కువ కావచ్చు. ఇది నాకు కొత్త విషయం, మా మామకూ కొత్త విషయమే.

మా మరిదికి బ్రాయిలర్ షెడ్డు ఉంది. కోళ్ల దాణా మిగిలితే పొట్టేళ్లకు పెడదామా, కోడి 40 రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది కదా అని అతను చాలాసార్లు అన్నాడు. మిల్లులో అడిగితే గట్టిగా వద్దన్నారు. కోడికి నెమరు పొట్ట లేదు, దానికి లైసిన్, మెథియోనిన్ లాంటి ప్రోటీన్ ముక్కలను (అమైనో ఆమ్లాలను) దాణాలోనే అందించాలి, అందుకే ఆ దాణా అంత ఖరీదు. గొర్రె వాటిని చాలా మట్టుకు తన కడుపులోని సూక్ష్మజీవుల ద్వారా తయారు చేసుకుంటుంది. పైగా కోళ్ల దాణాలో కలిపే మందులు, రాగి గొర్రెకు మంచివి కావు. ఉన్న నిజం చెప్పే దుకాణం ఇది. కండ పట్టే టానిక్కులు, ఇంజెక్షన్లు కూడా వాళ్లు అమ్మరు, అడిగినవాళ్లకు లేవని చెప్పి పంపిస్తారు.

ఇక లెక్క. ఆగస్టు నడుమ నుంచి 60 రోజులు, 29 పిల్లలు, ఒక్కోదానికి రోజుకు 400 గ్రాములు, రెండు పూటలు. మొదటి రోజే 400 పెట్టలేదు. 100తో మొదలుపెట్టి పన్నెండు రోజులకు పెంచుకుంటూ పోయాము. ఇది మిల్లు వాళ్లు మరీ మరీ చెప్పారు. గింజ దాణా ఒక్కసారే పెడితే కడుపులో ఆమ్లం పెరిగి జీవం పడిపోతుంది. పెళ్లింట్లో మిగిలిన అన్నం మెక్కి గొర్రెలు పొట్ట ఉబ్బి చచ్చిపోవడం మన ఊళ్లల్లో చూడనివాళ్లు ఉండరు, ఇదీ అదే జబ్బు. చిటుకు రోగం (జీవం ఉన్నట్టుండి పడి చనిపోయే జబ్బు) టీకా వేయించారా అని కూడా అడిగారు, దాణా పెరిగినప్పుడు ఆ రోగం బాగా తిన్న పిల్లనే ముందు పట్టుకుంటుంది. మాది వానల ముందే వేయించి ఉంది. నట్టల మందు, అంటే కడుపులో పురుగుల మందు, మాత్రం ఆగస్టులో తాగించాము.

60 రోజుల తర్వాత సగటు 21.6 కిలోలు. పెరిగింది 7.3 కిలోలు, రోజుకు 120 గ్రాములకు కొంచెం పైనే. నాలుగు పొట్టేళ్లు 24 దాటాయి, మూడు మాత్రం 18 దగ్గరే ఆగిపోయాయి. 14 బస్తాలు పట్టాయి, బస్తా 1,450 చొప్పున 20,300. ఒక్కో జీవానికి 700 రూపాయల దాణా. మాకు కిలోకు 400 లెక్కన బేరం కుదిరింది, అంటే పెరిగిన బరువు విలువే 2,900 దాకా. మేత, మందులు, మా కష్టం తీసేసినా మిగిలింది. బేరగాడు పొట్టేలు నడుము మీద, వెన్నుపూసకు రెండు పక్కలా చెయ్యి వేసి పట్టి చూశాడు. ఎముక గుచ్చుకుంటే మాట్లాడకుండా పక్కదానికి పోతాడు, కండ నిండుగా తగిలితే బేరం మొదలుపెడతాడు. ఈసారి వరసగా పది పొట్టేళ్ల దగ్గర ఆగాడు.

ఈ లాభం అంతా దాణాదే అని రాస్తే అబద్ధం అవుతుంది. నట్టల మందు పడింది, ఆగస్టు తర్వాత దశరథ గడ్డి కోతకు వచ్చి రోజూ పచ్చిమేత అందింది, సుబాబుల్ రొట్ట కూడా వేశాము. దశరథ గడ్డిలో ప్రోటీన్ బాగా ఉంటుంది, ఇంట్లో గుంట భూమి ఖాళీ ఉన్నా వేసుకోండి. అయినా ఒక విషయం నాకు ఇప్పుడు అర్థమైంది. కండ అనేది జీవంలో రోజూ కడుతూ ఉంటుంది, రోజూ కరుగుతూ ఉంటుంది, కట్టేది ఎక్కువైతే పెరుగుతుంది. శక్తి చాలకపోతే తిన్న ప్రోటీన్‌ను కూడా ఒళ్లు పొయ్యిలో కట్టెలా కాల్చుకుంటుంది, ఖరీదైన చెక్క అంతా బూడిద. శక్తి ఎక్కువై ప్రోటీన్ చాలకపోతే కొవ్వు పడుతుంది, కండ కాదు. రెండూ తగినట్టు, కలిసి అందాలి. ఎండాకాలం మేత కోసం పది కిలోమీటర్లు నడిపించి ఎండుగడ్డి తినిపించిన మంద మే నెలకు తొడలు పీక్కుపోయి ఎందుకు వస్తుందో దీంట్లోనే ఉంది, ఒళ్లు తన కండనే తింటోంది.

ఆ 18 కిలోల దగ్గర ఆగిన మూడింటి గురించి డాక్టరమ్మ చెప్పింది నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసింది. గొర్రె పిల్ల పుట్టేసరికే దాని కండలోని పోగుల సంఖ్య దాదాపు ఖాయమైపోతుందట. తర్వాత మనం ఏం పెట్టినా ఉన్న పోగులు లావవుతాయి, పొడుగవుతాయి తప్ప కొత్తవి పెద్దగా పుట్టవు. ఆ పోగులు తల్లి కడుపులో ఏర్పడతాయి, గొర్రె చూడి ఐదు నెలలు, నడుమ నెలల్లో తల్లి పస్తులుంటే పోగులే తక్కువ పడతాయి. చివరి ఆరు వారాల్లో పిల్ల బరువు చాలా వేగంగా పెరుగుతుంది, అప్పుడు చాలకపోతే పుట్టే పిల్లే చిన్నదవుతుంది, తల్లికి పాలూ తగ్గుతాయి. సంతలో కొన్న పిల్ల తల్లి ఏం తిన్నదో మనకు తెలియదు. ఎంత మంచి దాణా పెట్టినా కొన్ని పిల్లలు ఎందుకు ఎదగవో నాకు అప్పటిదాకా అంతు పట్టేది కాదు.

మా మామ ఇన్నేళ్లలో చూడి గొర్రెకు ఒక్క పిడికెడు దాణా పెట్టలేదు. అమ్మే పొట్టేలుకే దాణా, తల్లులు బయట తిని రావాల్సిందే. నేను తల్లులకు కూడా తెస్తానంటే, "గొర్రెకు దాణా ఏందే బిడ్డా, పైసలు దండుగ" అన్నాడు. కోపంతో కాదు, వాళ్ల నాయన నుంచి వచ్చిన పద్ధతి అది, అప్పట్లో బీడు భూములు ఉండేవి, గడ్డి ఉండేది, సాగేది. ఇప్పుడు మా ఊరి చుట్టూ పత్తి, వరి తప్ప మందను తోలే జాగా లేదు. డాక్టరమ్మ స్వయంగా వచ్చి కూర్చుని చెప్పాక ఒప్పుకున్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున ఆయనే తొట్టిలో పోస్తున్నాడు, గొర్రెకు 250 గ్రాములు. మిల్లులో చూడి గొర్రెల దాణా వేరే ఉంది, బస్తా 1,380. మా గొర్రెలు ఇప్పుడు నాలుగో నెలలో ఉన్నాయి. ఈనాక పుట్టిన పిల్లల బరువు తూచి ఇక్కడే రాస్తాను.

బాగాలేనివి కూడా చెప్పాలి. ఇది పిండి దాణా, పెల్లెట్ కాదు. గాలికి ఎగురుతుంది, పొట్టేళ్లు ఏరుకుని తింటాయి, మక్కలు తిని పొట్టు వదిలేస్తాయి. కొంచెం నీళ్లు చల్లి తడిపి పెడితే తగ్గింది, అయినా తొట్టిలో కొంత మిగులుతూనే ఉంటుంది. ఈ విషయంలో పెల్లెట్టే నయం. బస్తాకు ల్యాబు రిపోర్టు ఇవ్వరు, చూసి నమ్మాల్సిందే, ఒక నమూనా అప్పుడప్పుడు పరీక్ష చేయించి కాగితం గోడకు అంటిస్తే బాగుంటుందని వాళ్లకే చెప్పాను. సెప్టెంబరులో తెచ్చిన రెండు బస్తాల్లో మక్కలు సరిగ్గా నలగలేదు, గింజలు గింజలుగానే పెంటికల్లో వచ్చాయి, ఫోటో చూపిస్తే మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. ఇంటికి చేర్చరు, అరువు ఇవ్వరు, సాయంత్రం ఆరుకే మూసేస్తారు. మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో ఆ రోడ్డులో ఆటో కదలడమే కష్టం.

ఐదులో నాలుగున్నర ఇస్తాను. పది లోపు జీవాలు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి తెచ్చుకోండి, కలిపిన దాణాను నెల మించి నిల్వ పెట్టొద్దని వాళ్లే చెప్తారు, వానాకాలంలో అయితే పదిహేను రోజులే. కొలతల కాంటా లేనివాళ్లకు వేలాడే కాంటా రెండు రోజులకు ఇస్తారు, 500 డిపాజిట్, తిరిగి ఇచ్చేస్తారు. ఐనవోలు మల్లన్న జాతరకు అమ్మాలనుకునేవాళ్లు దసరా దాటగానే మొదలుపెట్టాలి, సంక్రాంతి ముందు నెలలో పోతే ఆ అన్న కూడా ఏమీ చేయలేడు. పోయేటప్పుడు మీ జీవాల వయసు, బరువు, ఇంట్లో ఇప్పటికే ఏం పెడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని పొండి, తౌడు పెడుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పండి.